టీకాలన్నీ టైముకి వేయించినా కోరింత దగ్గు వచ్చింది. ఇంతకన్నా మంచి టీకా ఎందుకు రావడం లేదు?

ఫ్రిస్కో_నాన్న
మా వాడికి పదేళ్లు. ఇక్కడే, అమెరికాలోనే పుట్టాడు. ఐదు డోసుల డీటాప్ (కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియాలకి కలిపి ఇక్కడ వేసే టీకా) వేయించాం, ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఈమధ్య మామూలు జలుబులాగే మొదలై, రెండో వారానికి రాత్రిళ్లు ఊపిరి తిరగనంత దగ్గు, దగ్గి దగ్గి వాంతులు. పరీక్ష చేస్తే కోరింత దగ్గు అన్నారు. అజిత్రోమైసిన్ వాడాం. ప్రమాదమేమీ లేదు గానీ దగ్గు పూర్తిగా వదల్లేదు. డాక్టరు మాత్రం "ఐదో డోసు తర్వాత కొన్నేళ్లకి ఈ టీకా బలం తగ్గిపోతుంది, మామూలే" అనేసి పంపించారు. ఇందులో మామూలేముంది? కోవిడ్‌కి ఏడాది తిరక్కుండా టీకా తెచ్చారు. ఈ జబ్బు బ్యాక్టీరియాని 1906లోనే బోర్డే, జాంగూ అనే ఇద్దరు బ్రసెల్స్‌లో పట్టుకున్నారట. నూటపాతికేళ్లు కావస్తోంది. గట్టి టీకా ఒకటి చేయడానికి అడ్డేమిటి? ఈ రంగంలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

కాజా_కాకినాడ
పిల్లాడికి ఇప్పుడు ఎలా ఉంది? ముందు అది చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న
నయమే. మళ్లీ స్కూలుకి వెళ్తున్నాడు. పరిగెత్తితే, గట్టిగా నవ్వితే మాత్రం దగ్గు తెర వస్తోంది.

బ్రిస్బేన్_బాబాయి
దగ్గు తెరలు రెండు మూడు నెలలు ఉండొచ్చు, కంగారు పడకండి. మీ డాక్టరు చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో 2010లో పెద్ద వ్యాప్తి వచ్చింది, పది మంది పసికందులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి పిల్లల రికార్డులు తిరగేస్తే, ఐదో డోసు వేశాక ఏడాదికేడాది జబ్బు వచ్చే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. 2012లో అచ్చయింది ఆ అధ్యయనం. అదే ఏడాది అమెరికా మొత్తం మీద 48 వేలకు పైగా కేసులు. 1976లో అక్కడ మొత్తం కేసులు వెయ్యి పైచిలుకే! అంటే వెనక్కి నడిచాం.

హన్మకొండ_హరిత
1976లో వెయ్యి, 2012లో 48 వేలా? టీకా మెరుగుపడే కొద్దీ కేసులు పెరగడమేమిటి?

బ్రిస్బేన్_బాబాయి
టీకా మారింది కదమ్మా. అప్పట్లో వేసింది పాత రకం, ఇప్పుడు వేస్తున్నది వేరే. పరీక్షలు మెరుగై ఇప్పుడు ఎక్కువ కేసులు దొరుకుతున్నాయన్నది కూడా కొంత నిజం. కానీ అదొక్కటే కారణం కాదు.

ఇమ్యూనో_ఇందిర
పోస్ట్ డాక్ చేస్తున్నాను, శ్వాసకోశ వ్యాధుల రోగనిరోధక శక్తి మీదే పని. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

పాత టీకా అంటే బ్యాక్టీరియాని మొత్తంగా పెంచి, చంపి, అలాగే ఇచ్చేది. దాన్ని పనికొచ్చే స్థాయికి తెచ్చింది ఇద్దరు మహిళలు, పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్. మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో, 1930లలో, మహా మాంద్యం రోజుల్లో. పగలంతా ప్రభుత్వ ల్యాబ్‌లో నీళ్ల పరీక్షలు, పాల పరీక్షలు చేసి, సాయంత్రం జబ్బుపడ్డ పిల్లల ఇళ్లకి వెళ్లేవాళ్లు. రక్తం కలిపిన జెల్లీ పోసిన గాజు పళ్లెం పిల్లాడి నోటి ముందు పట్టుకుని, దానిమీద దగ్గించేవాళ్లు. బ్యాక్టీరియా పెరిగితే జబ్బు ఇంకా అంటుతుందని లెక్క. 1934లో ఫీల్డ్ ట్రయల్ మొదలుపెట్టారు. డబ్బుల్లేవు. అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ వచ్చి చూసి వెళ్లాక పనివాళ్లు దొరికారు. తర్వాతి రోజుల్లో లోనీ గోర్డన్ అనే నల్లజాతి శాస్త్రవేత్త వేలకొద్దీ ప్లేట్లు పరీక్షించి, టీకాకి పనికొచ్చే రకాన్ని వెతికిపెట్టింది.

ఆ టీకా వచ్చాక జబ్బు కుప్పకూలింది. కానీ జ్వరం, తొడ వాపు, గంటల తరబడి ఏడుపు ఉండేవి. 1970లలో బ్రిటన్‌లో ఈ టీకాతో మెదడు దెబ్బతింటోందని పేపర్లలో గగ్గోలు మొదలైంది. దాదాపు 80 శాతం పిల్లలకి వేసే టీకా 30 శాతానికి పడిపోయింది. పెద్ద పెద్ద వ్యాప్తులు వచ్చాయి. జపాన్‌లో ఇంకా ఘోరం. 1974లో సుమారు 80 శాతం ఉన్నది రెండేళ్లలో 10 శాతానికి వచ్చింది. 1979కల్లా 13 వేల కేసులు, 41 మరణాలు.

అప్పుడు జపాన్‌లోనే యూజీ సాటో బృందం బ్యాక్టీరియా మొత్తం కాకుండా శుద్ధి చేసిన కొన్ని ప్రొటీన్లతో టీకా చేసింది. 1981లో అక్కడ మొదలైంది. 1990ల నుంచి అమెరికా, యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా అలాంటి టీకాకే మారాయి. ఫ్రిస్కో అన్నయ్య వాళ్ల బాబుకి వేసింది అదే.

కాజా_కాకినాడ
సాయంత్రం డ్యూటీ దిగి మళ్లీ ఇంటింటికీ తిరగడం... ఆ తల్లులకి దండం పెట్టాలి.

మెదక్_మాస్టారు
మరి మెదడు దెబ్బతింటోందన్నది నిజమా కాదా? అది చెప్పకుండా దాటేశారు. మా అక్క కొడుక్కి డీపీటీ వేసిన రాత్రే ఫిట్స్ వచ్చాయి, ఇప్పటికీ మా ఇంట్లో ఆ భయం ఉంది.

ఇమ్యూనో_ఇందిర
దాటేయలేదు మాస్టారూ, పోస్టు మరీ పొడుగవుతుందని ఆగాను. జ్వరంతో వచ్చే ఫిట్స్ పాత టీకాతో అరుదుగా ఉంటాయి, అవి శాశ్వత నష్టం చేయవు. శాశ్వతంగా మెదడు దెబ్బతిందని అప్పట్లో టీకాకి అంటగట్టిన పిల్లల్లో 14 మందిని ఆస్ట్రేలియాలో బెర్కోవిక్ బృందం పరీక్షించింది. 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం బయటపడింది. డ్రావే సిండ్రోమ్ అనే మూర్ఛ వ్యాధికి కారణమయ్యే లోపమది. టీకా వేసినా వేయకపోయినా ఆ పిల్లలకి ఆ జబ్బు వచ్చి ఉండేది, జ్వరం దాన్ని ముందుగా బయటపెట్టింది. ఇది 2006లో వచ్చింది. అప్పటికి దేశాలకి దేశాలే టీకా మార్చేసుకున్నాయి.

మెదక్_మాస్టారు
ఇన్నేళ్లలో మాకెవరూ ఇలా చెప్పలేదమ్మా. మా అక్కకి ఇది చదివి వినిపిస్తాను.

ఏఎన్ఎం_అక్క
మన దగ్గర ప్రభుత్వం వేసేది ఇప్పటికీ పాత రకమే. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్‌లో ఉండేది అదే. ఆరు, పది, పద్నాలుగు వారాలకి, ఎడమ తొడకి. తర్వాత పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల్లో డీపీటీ బూస్టర్, మళ్లీ ఐదారేళ్లకి ఇంకోటి. నాకు ఎక్కువ పని పడేది మొదటి డోసు తర్వాతే. రాత్రి జ్వరం వచ్చి పిల్లాడు ఏడుస్తాడు, తెల్లారేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంటుంది. "నువ్వు వేసిన సూదితో బిడ్డ రాత్రంతా కన్ను మూయలేదు, ఇంక రాం" అని. అందుకే వేసినరోజే పారాసిటమాల్ చుక్కలు ఎలా వేయాలో తల్లికి చూపిస్తాను, అరగంట కూర్చోబెడతాను, జ్వరం వస్తుందని ముందే చెప్తాను. ముందే చెప్తే పది వారాలకి మళ్లీ వస్తారు. చెప్పకపోతే రారు. అంతే తేడా.

లండన్_లక్ష్మి
అక్కా, మా చెల్లి హైదరాబాద్‌లో ప్రైవేటులో "పెయిన్‌లెస్" వేయించింది. డోసుకి నాలుగు వేల దాకా అయింది. అంటే ఫ్రిస్కో వాళ్ల బాబుకి వేసిన రకమేనా అది?

ఏఎన్ఎం_అక్క
అవునమ్మా, అదే. నొప్పి తక్కువ, జ్వరం తక్కువ. డబ్బు పెట్టి వేయించుకున్నది ప్రభుత్వ టీకా కన్నా గొప్పదని అనుకుంటారు. కోరింత దగ్గు విషయంలో మాత్రం అలా అనుకోవద్దు.

బ్రిస్బేన్_బాబాయి
అక్క మాటకి మా ఊరే సాక్ష్యం. ఆస్ట్రేలియా 1999లో కొత్త రకానికి మారింది. క్వీన్స్‌లాండ్‌లో 1998లో పుట్టిన పిల్లల్లో కొందరికి మొదటి డోసు పాతది పడింది, కొందరికి కొత్తది. పదేళ్ల తర్వాత వ్యాప్తి వచ్చినప్పుడు లెక్క చూస్తే, మొదటి డోసు పాతది పడ్డవాళ్లకి జబ్బు స్పష్టంగా తక్కువ. ఒక్క మొదటి డోసు తేడా! శరీరానికి మొదట ఏ పాఠం నేర్పితే అదే నిలుస్తుందన్నమాట.

రాయలసీమ_రాజా
మరింకేం, పాతదానికే తిరిగిపోతే సరి. కొత్త టీకా కోసం వందల కోట్లు తగలేయడమెందుకు?

లండన్_లక్ష్మి
ఇక్కడ ఎవరొప్పుకుంటారు రాజా గారూ? బిడ్డకి జ్వరం తెప్పించే టీకా వేస్తామంటే సగంమంది తల్లులు ఇంట్లోనే ఉండిపోతారు. పైన బ్రిటన్ కథ చదివారుగా. బలహీనమైన టీకా అందరూ వేయించుకుంటే, బలమైన టీకా ఎవరూ వేయించుకోకపోతే, ఏది మేలు?

రాయలసీమ_రాజా
మన దేశంలో కోట్లమంది వేయించుకుంటున్నారుగా. వాళ్లకి రాని ఇబ్బంది వీళ్లకి ఎందుకు?

ఇమ్యూనో_ఇందిర
ఇద్దరి మాటలోనూ నిజముంది. పాత టీకా వాడుతున్న దేశాలు పసిపిల్లలకి దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మనం మారాల్సిన పని లేదు. మారిపోయిన దేశాలు వెనక్కి రావడమే కష్టం. మధ్యేమార్గంగా మొదటి డోసు ఒక్కటి పాతది, మిగతావి కొత్తవి వేసి చూసే ప్రయోగం ఆస్ట్రేలియాలో పెట్టారు. బాబాయి గారు చెప్పినదానికి దగ్గరి ఆలోచనే అది.

జీనోమ్‌వ్యాలీ_గోపి
టీకాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. పాత టీకా అంటే చవకగా, తేలిగ్గా అయిపోతుందని అందరూ అనుకుంటారు. రాజా గారూ, ఒకసారి మా ల్యాబ్‌కి వస్తే తెలుస్తుంది. బ్యాక్టీరియాని ఫెర్మెంటర్‌లో పెంచాలి, అది చాలా నెమ్మదిగా పెరిగే రకం, పైగా మహా సుకుమారం. చంపాక ఆ ద్రవం ఎంత మబ్బుగా ఉందో కొలిచి ఎంత కలపాలో లెక్క కడతాం. ఎక్కువైతే జ్వరాలు, తక్కువైతే రక్షణ లేదు. ఆ తర్వాత కెండ్రిక్ పరీక్ష, పైన చెప్పిన ఆ పెర్ల్ కెండ్రిక్ పేరుతోనే. ఎలుకలకి టీకా ఇచ్చి, రెండు వారాల తర్వాత వాటి మెదడులోకి బతికున్న బ్యాక్టీరియా ఎక్కించి ఎన్ని బతుకుతాయో చూడాలి. డోసుకి కనీసం 4 అంతర్జాతీయ యూనిట్లు రావాలి. ఒక్కోసారి బ్యాచ్ మంచిదే అయినా ఎలుకల తేడాతో పరీక్ష తప్పుతుంది, మళ్లీ మొదటికి. ఒక బ్యాచ్ గేటు దాటేసరికి నెలలు పడుతుంది. అంత కష్టపడి చేసింది కాబట్టే ఆ వయల్‌ని ఎవరైనా ఫ్రిజ్‌లో నిర్లక్ష్యంగా పెడితే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏఎన్ఎం_అక్క
గోపీ, ఇక్కడ మేం నిర్లక్ష్యంగా పెట్టం. పెంటావాలెంట్ గడ్డకడితే పనికిరాదని మాకు తెలుసు. డౌట్ వస్తే షేక్ టెస్ట్ చేస్తాం. కావాలని గడ్డకట్టించిన వయల్ ఒకటి, డౌట్ ఉన్నది ఒకటి, రెండూ కరిగాక గట్టిగా ఊపి పక్కపక్కన పెడతాం. పాడైనదాంట్లో తెల్లటి రేకులు గబగబా అడుక్కి దిగిపోతాయి. మంచిది చాలాసేపు ఒకేలా పాలలాగా ఉంటుంది. ఐస్ ప్యాకులు నేరుగా వయల్‌కి తగలకుండా సర్దడం కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నేనే నేర్పిస్తాను.

జీనోమ్‌వ్యాలీ_గోపి
మిమ్మల్ని అనలేదక్కా! మీలాంటివాళ్ల చేతిలో పడిందంటే మా బ్యాచ్ ధన్యమైనట్టే.

కాజా_కాకినాడ
కొత్త టీకా సంగతేమో గానీ, ముందు ఆ ఎలుకలకి విముక్తి కలిగించే పరీక్ష కనిపెట్టండి గోపీ.

జీనోమ్‌వ్యాలీ_గోపి
దాని మీదా పని జరుగుతోంది. ఎలుకల మెదడులోకి బ్యాక్టీరియా ఎక్కించకుండా, వాటి రక్తంలో యాంటీబాడీలు కొలిచే పద్ధతులు ఉన్నాయి. అన్ని దేశాల నియంత్రణ సంస్థలూ ఒప్పుకుంటే మాకే పండగ.

ఫ్రిస్కో_నాన్న
ఇందిర గారూ, నా అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. కొత్త రకం ఎందుకు త్వరగా బలహీనపడుతుంది? మెరుగైనది ఎందుకు రావట్లేదు?

ఇమ్యూనో_ఇందిర
మొదటి ప్రశ్న. ఇప్పటి డీటాప్‌లో ప్రొటీన్లు ఐదుకి మించవు. పాతదాంట్లో బ్యాక్టీరియాలో ఉన్నవన్నీ ఉంటాయి. పైగా ఆ ఐదింట్లో ముఖ్యమైన పెర్టుసిస్ టాక్సిన్‌ని, అంటే ఈ బ్యాక్టీరియా వదిలే విషాన్ని, ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలతో నిర్వీర్యం చేస్తారు. ఆ క్రమంలో దాని రూపమే కొంత చెదిరిపోతుంది, శరీరం అసలైనదాన్ని గుర్తుపట్టడం సరిగా నేర్చుకోదు. మూడోది, డీటాప్ నేర్పే రోగనిరోధక స్పందన తీరే వేరు. అసలు జబ్బు వచ్చినప్పుడు, పాత టీకా వేసినప్పుడు పుట్టే టి కణాలు (జబ్బుతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఒక రకం, దీనితో పుట్టేవి ఇంకో రకం. యాంటీబాడీలు బాగానే వస్తాయి, శ్వాసనాళంలో బ్యాక్టీరియాని తుడిచిపెట్టే కణాలు సరిగా రావు.

అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో టాడ్ మెర్కెల్ బృందం బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగం ఈ రంగాన్నే కుదిపేసింది. డీటాప్ వేసిన కోతులకి బ్యాక్టీరియా ఎక్కిస్తే దగ్గు రాలేదు, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నాయి. కానీ గొంతులో బ్యాక్టీరియా వారాల తరబడి ఉండిపోయింది. తమతో పాటు బోనులో పెట్టిన టీకా లేని కోతులకి అంటించాయి కూడా. పాత టీకా వేసినవాటిలో అంతకన్నా త్వరగా పోయింది. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినవాటిలో అసలు నిలవనే లేదు. ఇంట్లో బీరువాకి తాళం వేసి వీధి తలుపు బార్లా తెరిచినట్టు ఇప్పటి టీకా. తొడకి సూది వేస్తే రక్షణ రక్తంలో పుడుతుంది, ఈ బ్యాక్టీరియా కూర్చునేది ముక్కు, గొంతు, శ్వాసనాళాల పైపొర మీద.

హన్మకొండ_హరిత
అంటే నేను టీకా వేయించుకుని ఏ లక్షణమూ లేకుండా నెలల పాపకి అంటించగలనా?

ఇమ్యూనో_ఇందిర
మనుషుల్లో అంతే ఉధృతంగా జరుగుతుందని కోతుల ప్రయోగంతోనే తేల్చలేం, కానీ జరగొచ్చు. అయినా టీకా మానొద్దు, టీకా లేనివాళ్లకి జబ్బు వచ్చే అవకాశం, వస్తే తీవ్రమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇందుకే ఇప్పుడు పరిశోధనంతా ముక్కు వైపు మళ్లింది.

అందరికన్నా ముందున్నది బీపీజెడ్ఈ1. ఫ్రాన్స్‌లో లిల్ నగరంలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కమీల్ లోష్ట్ బృందం తయారుచేసింది. బతికున్న బ్యాక్టీరియానే, కోరలు పీకేశారు. ఒక విషం జన్యువుని పూర్తిగా తీసేశారు, పెర్టుసిస్ టాక్సిన్‌ని పనిచేయకుండా మార్చారు, శ్వాసనాళపు కణాల్ని చంపే మూడోదాన్ని బాగా తగ్గించారు. ముక్కులో స్ప్రే చేస్తారు, సూది లేదు. అక్కడ కొన్నాళ్లు ఉండి జబ్బు తేకుండా శరీరానికి పాఠం నేర్పి పోతుంది. అమెరికాలో దాదాపు 280 మంది పెద్దవాళ్ల మీద చేసిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ముక్కు లోపల యాంటీబాడీలు బాగా పెరిగాయి, మామూలు ఇంజెక్షన్‌తో ఆ స్థాయిలో రాలేదు.

లండన్_లక్ష్మి
బతికున్న బ్యాక్టీరియా ముక్కులో కొట్టించుకోవడమా! వినడానికే టెన్షన్‌గా ఉంది.

బ్రిస్బేన్_బాబాయి
పోలియో చుక్కలు కూడా బతికున్న వైరస్సే లక్ష్మీ. బీసీజీ కూడా బతికున్నదే. మన భుజం మీద మచ్చ అదేగా.

లండన్_లక్ష్మి
నిజమే, అలా ఆలోచించలేదు.

పల్లె_వైద్యం
అందరూ ఇంత చదువు చెప్తున్నారు గానీ, మా చిన్నప్పుడు గాడిదల్ని తోలుకుని వీధిలోకి వచ్చేవాళ్లు, పసిపిల్లకి ఉగ్గుగిన్నెడు గాడిద పాలు పోస్తే కోరింత దగ్గు తగ్గేది. ఒకసారి వచ్చి తగ్గితే జన్మలో మళ్లీ రాదు. ఈ టీకాలకి అంత శక్తి లేదు.

ఏఎన్ఎం_అక్క
అన్నా, గాడిద పాలు పోసినా పోయకపోయినా, బతికిన పిల్లలకి రెండు మూడు నెలలకి తగ్గేది. పోయిన పిల్లల మాట ఎవరూ చెప్పుకోరు. నెలలోపు బిడ్డకి ఇది వస్తే "హూప్" అనే శబ్దం కూడా రాదు, దగ్గే సరిగా రాదు. ఊపిరి ఆగి ఒళ్లు నీలంగా అవుతుంది. అప్పుడు గాడిద కోసం వీధిలో చూస్తూ నిలబడితే బిడ్డ దక్కదు. పచ్చిపాలు పసిబిడ్డకి పోయడమే ప్రమాదం. దయచేసి ఇది ఎవరికీ చెప్పకండి.

ఇమ్యూనో_ఇందిర
అక్క చెప్పిందానికి ఒక్కటి కలుపుతాను. జబ్బు వచ్చి తగ్గినా జన్మంతా రక్షణ ఉండదు, కొన్నేళ్ల నుంచి పది ఇరవై ఏళ్లలో అదీ తగ్గిపోతుంది. పెద్దవాళ్లకి వదలని దగ్గుగా మళ్లీ వస్తుంది.

రాయలసీమ_రాజా
సరే, ముక్కు టీకా అంత బాగుంటే వేసేయొచ్చుగా. ఇంకా ఆలస్యమెందుకు? కంపెనీలకి డబ్బు రాదనా?

జీనోమ్‌వ్యాలీ_గోపి
డబ్బు ఒక కారణమే. కానీ పెద్ద చిక్కు వేరే ఉంది. రక్తంలో ఇన్ని యాంటీబాడీలుంటే జబ్బు రాదు అని చెప్పే అంకె కోరింత దగ్గుకి లేదు. హెపటైటిస్-బికి ఉంది, అందుకే అక్కడ రక్తపరీక్ష చూపించి కొత్త టీకాకి అనుమతి తెచ్చుకోవచ్చు. ఇక్కడ జబ్బుని నిజంగా ఆపుతుందని చూపించాలి. ఎలా చూపిస్తారు? పసిపిల్లల్లో సగం మందికి ఉత్తి నీళ్లు ఇచ్చి జబ్బు వస్తుందేమో చూద్దాం అనడం పాపం. ఉన్న టీకాతో పోల్చాలంటే వేలూ లక్షల మంది కావాలి. పైగా ఈ జబ్బు మూడు నుంచి ఐదేళ్లకోసారి పెరుగుతుంది. తప్పుడు ఏడాదిలో ట్రయల్ మొదలుపెడితే కేసులే ఉండవు, డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఇమ్యూనో_ఇందిర
అందుకే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో ఒక దారి వెతికారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు వాళ్ల ఇష్టంతో ముందుకొస్తారు, ముక్కులో అసలు బ్యాక్టీరియా చుక్కలు వేస్తారు, విడిగా ఉంచి గమనిస్తారు, తర్వాత అజిత్రోమైసిన్ ఇచ్చి శుభ్రం చేసి పంపిస్తారు. ముందు ఆ పద్ధతి సురక్షితమేనని చూపించారు. ఇప్పుడు కొత్త టీకా వేసినవాళ్ల ముక్కులో బ్యాక్టీరియా నిలుస్తుందా లేదా అని తక్కువమందితోనే తేల్చుకోవచ్చు. ఎవరి పిల్లల కోసమో తమ ముక్కులోకి బ్యాక్టీరియా వేయించుకునే ఆ వలంటీర్లంటే నాకు చాలా గౌరవం.

హన్మకొండ_హరిత
ముక్కు టీకా తప్ప ఇంకేమీ లేవా?

జీనోమ్‌వ్యాలీ_గోపి
ఉన్నాయి. నాకు బాగా నచ్చింది థాయ్‌లాండ్ వాళ్లది. బయోనెట్ ఏసియా అనే కంపెనీ టాక్సిన్‌ని రసాయనాలతో పాడు చేయకుండా, దాని జన్యువులోనే రెండు చోట్ల మార్చి విషం తీసేసింది, రూపం చెక్కుచెదరలేదు. ఆలోచన పాతదే, ఇటలీలో సియెనాలో రీనో రప్పువోలీ బృందం ఎప్పుడో చేసి చూపించింది, టీకాగా వచ్చి కూడా మార్కెట్లో నిలవలేదు. థాయ్ వాళ్లు 2016లో అనుమతి తెచ్చుకున్నారు. బ్యాంకాక్‌లో టీనేజి పిల్లల మీద చేసిన ట్రయల్‌లో మామూలు టీకా కన్నా చాలా ఎక్కువ యాంటీబాడీలు, ఏడాది తర్వాత కూడా. ఆసియాలో చిన్న కంపెనీ చేయగలిగిందంటే మన హైదరాబాద్ ఎందుకు చేయలేదని నాకు పట్టుదల వస్తుంది. ప్రపంచంలో సగం దేశాల పిల్లలకి మనం టీకాలు పంపుతున్నాం. అడిగింది చేసివ్వడం దగ్గరే ఆగిపోకూడదు.

ఇమ్యూనో_ఇందిర
నెదర్లాండ్స్‌లో బ్యాక్టీరియా పైపొర నుంచి ఊడే చిన్న చిన్న బుడగల్లాంటి వాటితో చేస్తున్నారు, వాటిలో చాలా ప్రొటీన్లు ఒకేసారి ఉంటాయి. కొన్ని కోవిడ్ టీకాల్లో వాడిన ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిని కూడా ఎలుకల మీద పరీక్షించారు. ఇంకో తొందర కూడా ఉంది. టీకాలో ఉండే పెర్టాక్టిన్ అనే ప్రొటీనే లేని బ్యాక్టీరియా అమెరికా, ఆస్ట్రేలియాల్లో బాగా పెరిగిపోయింది. చైనాలో అజిత్రోమైసిన్‌కి లొంగని రకాలు విపరీతంగా వ్యాపించాయి, జపాన్‌లోనూ కనిపిస్తున్నాయి. ఫ్రిస్కో అన్నయ్య బాబుకి పనిచేసిన మందు అన్నిచోట్లా పనిచేస్తుందన్న గ్యారంటీ పోతోంది.

ఫ్రిస్కో_నాన్న
ఇప్పుడర్థమైంది, మా డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేసిన దాని వెనక ఇంత కథ ఉందని. ఒక్కటి అడుగుతాను. ఆగస్టులో మా చెల్లికి డెలివరీ, న్యూజెర్సీలో. గుంటూరు నుంచి అమ్మ వస్తోంది. ఏం చేయాలి?

లండన్_లక్ష్మి
ఇది నేను చెప్తాను, నా రెండో పాప అప్పుడు వేయించుకున్నాను. గర్భంతో ఉండగా టీడాప్, అంటే పెద్దవాళ్లకి వేసే కోరింత దగ్గు టీకా, వేస్తే తల్లి యాంటీబాడీలు బిడ్డకి చేరతాయి, బిడ్డ సొంత టీకా మొదలయ్యేదాకా అదే రక్ష. బ్రిటన్‌లో 2012 అక్టోబరులో మొదలుపెట్టారు, పసికందుల్లో జబ్బుని పదింట తొమ్మిది వంతులు ఆపింది. 2024లో ఇంగ్లండ్‌లో 14 వేలకు పైగా కేసులొచ్చి పదిమందికి పైగా పసిబిడ్డలు చనిపోయారు. అప్పటికి గర్భిణులు టీకా వేయించుకోవడం బాగా తగ్గిపోయింది. అమెరికాలో 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. మీ చెల్లిని వదలకుండా అడగమనండి.

ఏఎన్ఎం_అక్క
ఇక్కడొక మాట. మన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి టీటీ బదులు ఇప్పుడు టీడీ వేస్తున్నాం. పేరు ఒకేలా వినిపిస్తుంది గానీ టీడీలో కోరింత దగ్గు భాగం లేదు. టీడాప్ ప్రైవేటులో కొనుక్కోవాల్సిందే. నా దగ్గరికి వచ్చే కూలి పనులకెళ్లే తల్లులకి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. కొత్త టీకాల సంగతి మాట్లాడుతున్నారు, మంచిదే. ఉన్నదాన్ని గర్భిణులకి ఉచితంగా ఇవ్వమని కూడా గట్టిగా అడగండి. మీకు చదువుంది, రాయగలరు.

జీనోమ్‌వ్యాలీ_గోపి
అడగాలక్కా. పాత రకం పెద్దవాళ్లకి వేయలేం, రియాక్షన్లు ఎక్కువ. అందుకే చవకైన టీడాప్ ఇక్కడే తయారవ్వాలి. నేను పైన పట్టుదల అన్నది కూడా ఇందుకే.

మెదక్_మాస్టారు
వినతిపత్రం నేను రాస్తాను. గోపి గారు, ఇందిర గారు అందులో సాంకేతిక విషయాలు సరిచూడండి. అక్క చెప్పిన టీడీ, టీడాప్ తేడా మొదటి పేరాలోనే పెడతాను.

ఇమ్యూనో_ఇందిర
పంపండి మాస్టారూ, చూస్తాను. ఫ్రిస్కో అన్నయ్యా, అమ్మగారికి విమానం ఎక్కడానికి కనీసం రెండు వారాల ముందు టీడాప్ వేయించండి. గుంటూరులో పిల్లల డాక్టర్ల దగ్గర దొరుకుతుంది. మీ అబ్బాయికి దగ్గు పూర్తిగా తగ్గినా సరే, పదకొండేళ్లకి వేయాల్సిన టీడాప్ మానొద్దు. ఇంట్లో మిగతావాళ్లది కూడా ఎప్పుడు వేశారో చూసుకోండి.

ఫ్రిస్కో_నాన్న
అమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను. "నాకీ వయసులో సూదేమిట్రా" అంది. మనవరాలి కోసం అన్నాను, సోమవారం వెళ్తానంది. మాస్టారూ, ఆ వినతిపత్రం మీద నా పేరు కూడా పెట్టండి.